టైమింగ్ చెయిన్ సద్దు: మా కోయంబత్తూరు షెడ్డు నోటు పుస్తకం నుంచి

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 1987 నాటి హీరో హోండా సిడి 100 ఒకటి ఉంది. పొద్దున్నే మొదటిసారి కిక్కు కొడితే ఇంజను ఎడమ పక్కనుంచి ‘చర చర’మని ఒక సద్దు వచ్చి, రెండు మూడు క్షణాల్లో ఆగిపోతుంది. మెకానిక్కులు దాన్ని టైమింగ్ చెయిన్ సద్దు అంటారు. కంపెనీ పుస్తకాల్లో ఆ చెయిన్ పేరు క్యామ్ చెయిన్. రెండూ ఒకటే. ఆ సద్దు ఆగకుండా వస్తూనే ఉంటే ఏం చెయ్యాలి, ముఖ్యంగా ఏం చెయ్యకూడదు అన్నది మా నాయన ఒక నోటు పుస్తకంలో రెండు పేజీలు రాసిపెట్టినాడు. ఈ వ్యాసం ఆ రెండు పేజీల వెనక ఉన్న చరిత్ర.

నాయన పోయినాక బీరువా పైనున్న అట్టపెట్టెలో ఆ పుస్తకం దొరికింది. తమిళంలో రాసినాడనుకున్నాను. కళ్లతో చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. పైకి చదివితే తెలిసింది, అది తెలుగు. అక్షరాలు మాత్రమే తమిళం. మన ఇండ్లలో ఇది వింతేమీ కాదు. విజయనగరం, నాయకుల కాలాల్లో కొంగునాడుకు వచ్చి నిలిచిపోయిన కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు మాట్లాడినాము, బడిలో తమిళం చదివినాము. నాయనకు తెలుగు లిపి రాదు. నేను పెళ్లయినాక నేర్చుకున్నాను.

తమిళ లిపిలో ‘త’కూ ‘ద’కూ ఒకటే అక్షరం, ‘ప’కూ ‘బ’కూ ఒకటే, ‘క’కూ ‘గ’కూ ఒకటే. అందుకని నాయన ‘దడ దడ’ అని రాసినచోట నేను ‘తడ తడ’ అని చదివి, ఇంజనులో తడి ఏమిటా అని చాలాసేపు తల గోక్కున్నాను. కిందికి రెండు గీతలు గీసిన వాక్యం మాత్రం తొందరగానే పట్టుబడింది: ‘బిగి ఉండకూడదు, ఆట ఉండకూడదు.’

ఆట అంటే ఇక్కడ వదులు. మెకానిక్కులు వాడే మాట. ఈ ఒక్క వాక్యం నాయనకు ఊరికే రాలేదు. ఒక పెద్దాయన బండి పాడుచేసి నేర్చుకున్నాడు. ఆ సంగతికి ముందు, అసలు ఈ చెయిన్ మోటారు సైకిలు కడుపులోకి ఎట్లా వచ్చిందో చూద్దాం.

కింద తిరిగేది, పైన తెరుచుకునేది

నాలుగు స్ట్రోకుల ఇంజనుకు పైన రెండు వాల్వులు ఉంటాయి. ఒకటి పెట్రోలు గాలిని లోపలికి రానిస్తుంది, ఒకటి పొగను బయటికి పోనిస్తుంది. వాటిని సరిగ్గా వేళకు తెరిచేది క్యామ్ షాఫ్ట్. కింద క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. అందుకే పైన పళ్ల చక్రానికి కిందిదానికన్నా రెట్టింపు పళ్లుంటాయి. ఈ లెక్క ఒక్క పన్ను తప్పినా బండి సరిగ్గా లాగదు. మరీ తప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వు వెళ్లి పిస్టనును తగులుతుంది.

మరి కిందున్న తిరుగుడును పైకి ఎట్లా చేర్చాలి? పాత ఇంగ్లండు బండ్లలో క్యామ్‌ను పైన పెట్టనే లేదు. క్రాంకు పక్కనే కింద పెట్టి, పళ్ల చక్రాలతో తిప్పి, అక్కడినుంచి పొడుగు కడ్డీలతో పైనున్న వాల్వులను తోయించారు. ఆ కడ్డీలే పుష్ రాడ్లు. అది మొండి ఏర్పాటు, చాలాకాలం పనిచేస్తుంది. కానీ ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ కడ్డీల బరువే అడ్డం వస్తుంది. వాల్వు మూసుకోవలసిన వేళకు మూసుకోదు. పందేల బండ్లు చేసేవాళ్లు అందుకే క్యామ్‌ను నేరుగా తల మీదికి ఎక్కించారు. నార్టన్, వెలొసెట్ కంపెనీలు 1920లలో నిలువు షాఫ్టు పెట్టి, రెండు చివరలా ఏటవాలు పళ్ల చక్రాలతో తిప్పాయి. చాలా ఖచ్చితం, కానీ చాలా ఖరీదు.

చవక దారి చెయిన్. ఇప్పుడు మన సైకిలుకూ మోటారు సైకిలుకూ ఉన్న బుష్ రోలర్ చెయిన్‌ను 1880లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ చేసుకున్నాడు. ఆయన స్విట్జర్లాండులో పుట్టి ఇంగ్లండులోని మాంచెస్టరులో స్థిరపడిన మనిషి. పుట్టిన ఊరు వదిలి ఇంకోచోట పట్టరాలు పెట్టినవాళ్ల కథలంటే మనకు ఎందుకో ఇష్టం కదా, అందుకే చెప్పినాను. 1927లో ఏజేఎస్ కంపెనీ తన పందేల బండ్లలో క్యామ్‌ను చెయిన్‌తో తిప్పింది. చెయిన్ వదులవుతుందని తెలుసు కాబట్టి దాని పక్కన స్ప్రింగు పట్టీ ఒకటి వంచి పెట్టారు. చెయిన్‌కు ఎంత వదులొస్తే పట్టీ అంత ముందుకు నొక్కుతుంది. టెన్షనర్ అనే మాట వెనక ఉన్న ఆలోచన అప్పటినుంచి ఇప్పటిదాకా మారలేదు.

చెయిన్ ‘సాగింది’ అంటాం. నిజానికి ఉక్కు సాగదు. ప్రతి లింకులోనూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్షు ఉంటాయి. తిరిగి తిరిగి అవి అరుగుతాయి. సిడి 100 టైమింగ్ చెయిన్‌లో లింకుకూ లింకుకూ మధ్య దూరం 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. అట్లాంటివి ఎనభై పైచిలుకు. ఒక్కో చోట మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగిందనుకోండి, మొత్తం మీద చెయిన్ ఒకటిన్నర మిల్లీమీటరు పైగా పొడుగైనట్టే. ఆ పొడుగంతా వదులుగా ఒక పక్కకు చేరుతుంది. చెయిన్‌కు ఒక పక్క ఎప్పుడూ క్రాంకు లాగే పక్క. అది బిగువుగానే ఉంటుంది. రెండో పక్కకే వదులు వస్తుంది. టెన్షనర్ నొక్కేది ఆ పక్కనే. అది నొక్కలేకపోతే చెయిన్ ఊగి లోపలి గోడలను కొడుతుంది. ఆ సద్దే మనం వినేది. చెయిన్ పొడుగైతే పైన క్యామ్ కూడా కొంచెం వెనకబడుతుంది, అంటే వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. బండి ఈడ్చినట్టు పోతుంది.

కోయంబత్తూరు చేతులు

మా ఊళ్లో మోటారు సైకిలు చరిత్ర అంటే జి.డి. నాయుడు గారితో మొదలు పెట్టకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు. ఆయన 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో మన తెలుగు ఇంట్లోనే పుట్టాడు. బడి అంటే గిట్టదు. ఒక తెల్ల రెవెన్యూ అధికారి రడ్జ్ మోటారు సైకిలు మీద ఊరికి వస్తే చూసి, అట్లాంటిది కావాలని పట్టుబట్టి, కోయంబత్తూరులో హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 300 రూపాయలకు ఆ బండే కొన్నాడు. తొక్కుకుని తిరగడానికి కాదు. ముందు విప్పి చూడడానికి. 1920లో పొల్లాచ్చికీ పళనికీ మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టి దాన్నొక పెద్ద రవాణా సంస్థగా చేశాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశాడు. కోయంబత్తూరులో వీధికొక లేతు షెడ్డు ఉందంటే ఆ తరం వేసిన విత్తనమే.

‘విప్పితే తెలుస్తుంది’ అన్నది మా ఊరి మెకానిక్కుల మతం. ఆ రడ్జ్‌లో విప్పడానికి టైమింగ్ చెయిన్ లేదు. క్యామ్ కింద, పళ్ల చక్రాలతో. ఆ తర్వాత మా షెడ్లకు వచ్చిన బండ్లలోనూ చాలాకాలం అది లేదు.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ మొదలైంది. బుల్లెట్టుకు కింద పళ్ల చక్రాలు, పైకి పుష్ రాడ్లు. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా బండ్లు. సత్యమంగలం దాటి ధింబం ఘాటు ఎక్కితే మైసూరు మాకు మద్రాసుకన్నా దగ్గర, అందుకని జావాలూ ఆ తర్వాత యెజ్డీలూ కోయంబత్తూరు నిండా ఉండేవి. అవి రెండు స్ట్రోకుల బండ్లు, వాటికి వాల్వులే లేవు. రాజ్‌దూత్ అంతే. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 అంతే.

నాయన 1972లో షెడ్డు పెట్టినాడు. ఆయన చేతులు నేర్చుకున్నది బుల్లెట్టూ జావా. బుల్లెట్టు ట్యాపెట్ సరిచెయ్యడం నాకు బాగా గుర్తు. సిలిండరు కింద చిన్న తలుపు తీసి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పుష్ రాడ్డును రెండు వేళ్లతో తిప్పి చూసేవాడు. రాడ్డు సులువుగా తిరగాలి, పైకీ కిందికీ కదలకూడదు. కొలత సాధనం ఏమీ లేదు, వేళ్లే. నిజం చెప్పాలంటే ‘బిగి ఉండకూడదు, ఆట ఉండకూడదు’ అన్నది అక్కడే ఉంది. కానీ ఆ చేతులకే ఇంకో అలవాటూ ఉంది. బుల్లెట్టులో ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య ఉండే ప్రైమరీ చెయిన్ వదులైతే కిందున్న స్క్రూ తిప్పి బిగిస్తారు. వెనక చక్రం చెయిన్ వదులైతే ఇరుసు వెనక్కి లాగి బిగిస్తారు. చెయిన్ సద్దు చేస్తోందంటే వదులైందని, వదులైతే బిగించాలని చేతికి పట్టుబడిపోయింది. తప్పు అక్కడినుంచి వచ్చింది.

1985

1984 నుంచి 1986 దాకా మన దేశానికి నాలుగు జపాను కంపెనీల 100 సిసి బండ్లు వరసగా వచ్చాయి. సుజుకి, యమహా, కవాసాకి తెచ్చినవి రెండు స్ట్రోకులవి. మా నాయన లాంటి జావా మెకానిక్కుకు అవి చుట్టాల లెక్క. నాలుగోది 1985లో వచ్చిన హీరో హోండా సిడి 100. 97.2 సిసి, నాలుగు స్ట్రోకులు, లీటరుకు 80 కిలోమీటర్లని పేరు.

ఈ బండి తాత 1958 నాటి హోండా సూపర్ కబ్. కమ్మరి కొడుకైన సోయిచిరో హోండా, హోటళ్ల సామాను మోసుకుపోయే కుర్రాళ్లు సైతం తొక్కగలిగేటట్టు చేయించిన చిన్న బండి. మొదటి కబ్‌లో పుష్ రాడ్లే. 1960లలో హోండా దాని క్యామ్‌ను తల మీదికి ఎక్కించి, ఎడమ పక్కనుంచి సన్న చెయిన్ వేసింది. పందేల హోండాలకు ఖరీదైన పళ్ల చక్రాల వరసలు, జనం తొక్కే బండ్లకు చెయిన్. అట్లా పరుగు పందేల బండికి పుట్టిన ఆలోచన పాలు పోసేవాడి బండిదాకా దిగివచ్చింది. సిడి 100 ఇంజను ఆ వంశమే. సిలిండరు ఇంచుమించు పడుకున్నట్టుగా ముందుకు చాచి ఉంటుంది.

పాత కబ్బుల్లో, 1960లు, 70ల నాటి ఇతర హోండాల్లో ఈ చెయిన్ సర్దుబాటు చేత్తో చెయ్యాలి. ఒక కడ్డీ, దాని కింద స్ప్రింగు, కడ్డీని కదలకుండా పట్టుకునే బోల్టు, బోల్టు మీద లాక్ నట్టు. నీలగిరి టీ తోటల నుంచి అట్లాంటి పాత హోండా ఎప్పుడైనా ఒకటి మా షెడ్డుకు దిగేది. సిడి 100 వచ్చేసరికి ఆ బోల్టు పోయింది. కడ్డీని పైకి తోసేది స్ప్రింగే, అది చటుక్కున వెనక్కి రాకుండా ఆపేది లోపల నిండిన ఇంజను ఆయిలు. కడ్డీ పైకి సులువుగా పోతుంది, కిందికి నిదానంగా వస్తుంది. చెయిన్ అరిగేకొద్దీ దానంతట అదే సర్దుకుంటుంది. మనిషి చెయ్యి పెట్టనక్కరలేదు.

నింపి, మూసి, మరిచిపొమ్మని ఆ బండి ప్రకటన. జనం నిజంగానే మరిచిపోయారు. రెండు స్ట్రోకుల బండికి ఆయిలు పెట్రోలులో కలిసిపోతుంది, విడిగా మార్చేది గేరుపెట్టెది మాత్రమే. ఆ అలవాటు మీద ఉన్నవాళ్లకు, ఈ బండి కడుపులో లీటరు కన్నా తక్కువ ఆయిలు ఉంటుందని, ఇంజనూ గేర్లూ టైమింగ్ టెన్షనరూ అన్నీ దాని మీదే బతుకుతాయని, దాన్ని వేళకు మార్చాలని తెలియలేదు. ఆయిలు నల్లబడి, తగ్గిపోయి, టెన్షనర్ పట్టు తప్పి, ‘దడ దడ’లు మొదలైనాయి. 1988, 89 నాటికి మా షెడ్డు ముందు అట్లాంటి బండ్లు నిలబడేవి.

ఆ తప్పు

పొల్లాచ్చి దారిలోని ఒక ఊరినుంచి రోజూ పాలు తోలే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. బండికి రెండు పక్కలా క్యాన్లు. ఆయన సిడి 100కు టైమింగ్ సద్దు పట్టుకుంది. నాయన ఇంజను కింద ఎడమ పక్కనున్న పెద్ద బోల్టు విప్పినాడు. స్ప్రింగూ కడ్డీ చేతిలోకి జారినాయి. తిప్పడానికి స్క్రూ లేదు, బిగించడానికి నట్టు లేదు. వదులైన చెయిన్‌ను బిగించే దారి కంపెనీవాడు ఎందుకు పెట్టలేదో ఆయనకు అర్థం కాలేదు. తనే ఒక దారి చేసినాడు. స్ప్రింగు కింద రెండు వాషర్లు వేసి బోల్టు బిగించినాడు. స్ప్రింగు ఇంకా గట్టిగా తోసింది. సద్దు పూర్తిగా పోయింది. ఇంజను పట్టులాగా నడిచింది. పెద్దాయన సంతోషించి పోయినాడు. ఇంకో నాలుగు బండ్లకు అట్లాగే చేసినాడు నాయన.

మూడు నెలలు కాకముందే ఆ పాలబండి తిరిగి వచ్చింది. ఈసారి దడ కాదు, ఈల. గట్టిగా లాగిన తీగను గీకితే వచ్చే సన్నటి ఈల. ఆ తర్వాత తల దగ్గర ‘కట కట’. విప్పితే కనబడింది. ఎక్కువ ఒత్తిడికి టెన్షనర్ రబ్బరు చీలికలు చీలికలైంది. ఆ ముక్కలు ఆయిలు జల్లెడకు అడ్డం పడ్డాయి. పైకి ఆయిలు చాలక క్యామ్ షాఫ్టూ రాకర్లూ గీతలు పడి నీలం తిరిగినాయి. సద్దు లేకుండా చేసింది నాయనే, ఇంజను తల తినేసిందీ నాయనే.

అప్పుడు నాకు పదకొండేళ్లు. ఆ సాయంత్రం నాయన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ‘తప్పు నాదన్నా. బండి కంపెనీది కాదు, మీది కాదు. నా చెయ్యి చేసిన తప్పు. సామాన్లు నేనే తెచ్చి వేస్తా.’

పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నది ఒకటే: ‘బండి ఎప్పుడైనా బాగు చెయ్యి తమ్ముడూ, పొద్దున్నే పాలెట్లా తోలేది అది చెప్పు.’

నాయన తన జావా తాళంచెవి ఆయన చేతిలో పెట్టినాడు. ఎనిమిది రోజులు ఆ జావా పాలు మోసింది. కొత్త క్యామ్, రాకర్లు, చెయిన్, పళ్ల చక్రాలు, రబ్బరు సామాను, అన్నీ కలిపి మా షెడ్డు నెల అద్దెకు మించి అయింది. వాషర్లు వేసిన ఆ మిగతా నాలుగు బండ్లను వెతుక్కుంటూ పోయి, అడక్కుండానే తీసేసినాడు. ఒకాయన ‘సద్దు లేకుండా బాగుందే, మళ్లీ సద్దు చెయ్యడానికి వచ్చినావా’ అని తిట్టినాడట.

ఆ వారంలోనే పాలిటెక్నిక్‌లో పనిచేసే మా చిన్నాన్న ఎక్కడినుంచో ఇంగ్లీషు సర్వీసు పుస్తకం పట్టుకొచ్చినాడు. రాత్రి అన్నాలు తిన్నాక నడవలో కూచుని ఆయన ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే, నాయన తమిళ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ రెండు పేజీలు అట్లా వచ్చినాయి.

పుస్తకంలో ఉన్న పని

మొదటి పేజీ పాత హోండాల గురించి, చేత్తో సర్దేవి. దాని సారం ఇది: ఆ బోల్టు బిగిస్తే చెయిన్ బిగియదు. చెయిన్‌ను తోసేది స్ప్రింగు. స్ప్రింగు ఎక్కడిదాకా తోసిందో అక్కడ కడ్డీని బోల్టు పట్టుకుంటుంది, అంతే దాని పని. ఇది తెలియక బోల్టును పిండి పిండి విరగ్గొట్టినవాళ్లు లెక్కలేనంతమంది.

పాత కబ్ అయితే ఇంజను వేడెక్కి నిదానంగా నడుస్తుండగా లాక్ నట్టు వదులు చేసి, బోల్టును సుమారు అర చుట్టు వెనక్కి తిప్పాలి. స్ప్రింగు తన పని తాను చేసుకుంటుంది. సద్దు తగ్గుతుంది. అప్పుడు బోల్టును మెత్తగా బిగించి, నట్టు వెయ్యాలి. ఇంకా సద్దుంటే కింద పెద్ద బోల్టు తీసి, లోపలున్న చిన్న స్క్రూను కొంచెం కొంచెంగా లోపలికి తిప్పాలి. సద్దు ఆగినచోట చెయ్యి ఆపాలి. ఇక్కడ నాయన అడ్డంగా రాసుకున్నాడు: ‘ఆగినాక ఇంకో చుట్టు వద్దు.’

సిబి 750 లాంటి పెద్ద హోండాలకు ఇంజను ఆపి చెయ్యాలి. క్రాంకును చేత్తో తిప్పి, ‘టి’ గుర్తు కలిసినాక ఇంకొంచెం ముందుకు తెచ్చి నిలపాలి. ఎందుకంటే క్యామ్ కొన వాల్వు దాటే వేళకు వాల్వు స్ప్రింగు క్యామ్‌ను తనే ముందుకు నెడుతుంది. అప్పుడు లాగే పక్కన వదులు వచ్చి, టెన్షనర్ పక్కన చెయిన్ బిగువుగా కనిపిస్తుంది. ఆ స్థితిలో బోల్టు వదులు చేస్తే స్ప్రింగు మోసపోతుంది. వదులంతా టెన్షనర్ పక్కకు చేరినచోట నిలిపినాకే బోల్టు వదలాలి.

రెండో పేజీ సిడి 100 గురించి. ఇక్కడ సర్దేది ఏమీ లేదు, వరసగా చూడవలసింది ఉంది. ముందు ఆయిలు. తక్కువుంటే పోసి, నల్లబడితే మార్చి, ఒక రోజు నడిపి వినాలి. చాలా బండ్ల జబ్బు ఇక్కడే కుదురుతుంది. రెండోది ట్యాపెట్. చల్లటి ఇంజనులో 0.05 మిల్లీమీటర్లు. ట్యాపెట్ సద్దు తల దగ్గర ‘టక్ టక్’మని ఒకే తాళంలో వస్తుంది. టైమింగ్ సద్దు ఎడమ పక్కన, తాళం లేకుండా, ఆక్సిలరేటరు వదిలేసినప్పుడు ఎక్కువగా వస్తుంది. పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద, పిడి చెవికి ఆనించి రెండు చోట్లా వింటే తేడా తెలుస్తుంది.

మూడోది, అవి సరిగ్గా ఉండీ సద్దుంటే, కింద బోల్టు విప్పడం. బోల్టుతో పాటు స్ప్రింగు జారుతుంది, ఆయిలు కారుతుంది, కింద పళ్లెం పెట్టుకోవాలి. స్ప్రింగు కుంగిపోయిందా, కడ్డీ సులువుగా జారుతోందా, దాని తల మీది రబ్బరు అరిగిందా చూసి, చెడింది మార్చి, తిరిగి పెట్టేటప్పుడు లోపల కాసింత మంచి ఆయిలు పోసి మూయాలి. అదీ కాకపోతే మాగ్నెట్ విప్పి లోపలి రబ్బరు చక్రాలూ పట్టీ చూడాలి. చివరికి చెయిన్. చెయిన్ మారిస్తే పళ్ల చక్రాలూ కలిపి మార్చాలి. అరిగిన పళ్ల మీద కొత్త చెయిన్ ఎక్కువ రోజులు బతకదు.

అన్నిటికన్నా కింద, మళ్లీ గీతలు గీసి: ‘సద్దు పోతే బాగయిందని నమ్మొద్దు. సద్దు ఎందుకు పోయింది?’

మిగిలింది

ఈ చెయిన్ చరిత్రను నేను ఇప్పుడు ఇట్లా చూస్తాను. ఏజేఎస్ స్ప్రింగు పట్టీ నుంచి, కబ్ లాక్ బోల్టు నుంచి, సిడి 100 ఆయిలు కడ్డీ దాకా ఇంజనీర్లు చేసుకుంటూ వచ్చింది ఒకటే. మనిషి చెయ్యి అవసరానికి మించి బిగిస్తుందని తెలుసుకుని, ఆ చేతిని కొంచెం కొంచెంగా పక్కకు జరిపారు. మా నాయన చెయ్యి మధ్యలో దూరి రెండు వాషర్లు వేసింది. అది తప్పని తెలిశాక ఆయన చెయ్యి ముడుచుకుని కూర్చోలేదు. ఎంతవరకు పోవాలో, ఎక్కడ ఆగాలో నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ చుట్టుపక్కల షెడ్ల కుర్రాళ్లు టైమింగ్ సద్దు అంటే మా నాయన దగ్గరికి బండి తోసుకొచ్చేవాళ్లు. ఆయన స్పానరు పట్టుకునే ముందు చాలాసేపు వినేవాడు.

పాల పెద్దాయన 1998లో బండి అమ్మేస్తానంటే నాయనే కొన్నాడు. షెడ్డులో ఉన్నది అదే. ఇప్పుడు మా రాష్ట్రంలోనే, హోసూరులోనూ కృష్ణగిరి దగ్గరా కరెంటు స్కూటర్లు తయారవుతున్నాయి. వాటికి వాల్వులు లేవు, టైమింగ్ చెయిన్ లేదు, పొద్దుటి ‘చర చర’ లేదు. మా అబ్బాయి ఒకటి కొన్నాడు. మంచి బండి, నాకేమీ ఫిర్యాదు లేదు. వాడికి ఈ రెండు పేజీల పని ఎప్పటికీ పడకపోవచ్చు. అయినా వాటిని తెలుగు లిపిలోకి ఎత్తి రాసి, ఒక ప్రతి వాడికిచ్చినాను. తాత తన తప్పును ఎట్లా రాసుకున్నాడో వాడికి తెలియాలి.

ఇది చదివే మీకు ఒక మాట. బళ్లారిలో, సోలాపూరులో, బరంపురంలో, మదురైలో, ఎక్కడున్నా మీ ఇండ్లలోనూ ఇట్లాంటి నోటు పుస్తకాలు ఉంటాయి. లేతు లెక్కలో, వంట కొలతలో, మగ్గం వరసలో. అక్షరాలు కన్నడం, మరాఠీ, ఒడియా, తమిళం ఏవైనా కావచ్చు. పాతపేపర్ల వాడికి వేసే ముందు ఒకసారి పైకి చదివి చూడండి. కంటికి అర్థం కానిది చెవికి తెలుగై వినబడవచ్చు.